ఏ ఊళ్లోనైనా బాగయ్యే సైకిల్

పోయిన ఎపిసోడ్‌లో సైకిల్ ముచ్చట మొదలుపెట్టి, టైమ్ చాలక సగంలో ఆపేశాను. అప్పుడు చెప్పినవి, చెప్పకుండా మిగిలిపోయినవి రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నా.

ఇదంతా ఒక తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. ఆయనది నిజామాబాద్ వైపు. పదమూడేళ్లుగా గల్ఫ్‌లో షటరింగ్ కార్పెంటర్. వచ్చే ఏడాది వీసా క్యాన్సిల్ చేసుకుని పూర్తిగా ఇంటికి పోతున్నాడు. ఆయన అడిగింది ఇది: "అన్నా, మొదటిసారి ఇల్లు ఇడిసిపెట్టినప్పుడు బొంబాయి దాకా బస్సుల పోయిన. రాత్రంతా కిటికీ దిక్కు తిరిగి ఏడ్చిన. ఇప్పుడు వాపస్ పోయేటప్పుడు బొంబాయిల దిగి, అదే తొవ్వల సైకిల్ మీద ఇంటికి పోవాలని ఉంది. ఇక్కడ షాపుల ఒక సైకిల్ చూసిన. రెండు నెలల జీతం అయితది. ఆ పైసలు బిడ్డ కాలేజీ ఫీజుకని పెట్టుకున్నయి. కొనాల్నా వద్దా?"

ముంబై నుంచి నాసిక్, ఔరంగాబాద్, నాందేడ్ మీదుగా నిజామాబాద్ అంటే ఏడెనిమిది వందల కిలోమీటర్లు. పిచ్చి పనేం కాదు. రోజుకు డెబ్భై కిలోమీటర్లు తొక్కినా పది పన్నెండు రోజుల్లో ఇంటి ముందు దిగొచ్చు. అసలు ప్రశ్న సైకిల్‌ది. దూరం పోవడానికి ఏ సైకిల్ మంచిది? ఈ ప్రశ్నకు 140 ఏళ్ల వయసుంది. నాకంటే ముందు దీన్ని కాళ్లతో తేల్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లేం ఎంచుకున్నారో చూస్తే జవాబు దొరుకుతుంది.

రోడ్డు చెప్పిన మాట

సైకిల్ మీద మొదట ప్రపంచం చుట్టింది థామస్ స్టీవెన్స్. ఇంగ్లండ్‌లో పుట్టి బతుకుదెరువుకు అమెరికా పోయినవాడు. 1884 ఏప్రిల్ 22న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి ఆగస్టు 4న బోస్టన్ చేరాడు. తర్వాత యూరప్, టర్కీ, ఇరాన్ తిరిగి, అప్పటి మన దేశంలో లాహోర్ నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద తొక్కి, చైనా దాటి 1886 డిసెంబరులో జపాన్‌లోని యొకొహామా చేరాడు.

ఆయనది కొలంబియా కంపెనీ సైకిల్. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తు ఉంటుంది, వెనకది బుడ్డది. చైన్ లేదు, పెడళ్లు నేరుగా ముందు చక్రానికే. 50 అంగుళాల చక్రం కాబట్టి ఒక్క తొక్కుకు దాదాపు 4 మీటర్లు పోతుంది. వేగం కోసమే అంత పెద్ద చక్రం. కానీ టైరు గట్టి రబ్బరు, లోపల గాలి లేదు. రోడ్డు మీద రాయి అడ్డమొస్తే మనిషి హ్యాండిల్ మీది నుంచి తలకిందులుగా పడాల్సిందే. అందుకే అమెరికా దాటేటప్పుడు సుమారు మూడో వంతు దూరం ఆయన సైకిల్‌ను తోసుకుంటూ నడిచాడు.

సామాను మాత్రం చాలా తక్కువ: ఒక మార్పు చొక్కా, సాక్సులు, ఒక రెయిన్‌కోటు, ఒక రివాల్వరు. ఆ రెయిన్‌కోటే రాత్రికి గుడారం. ఏది మోయగలడో చూసుకుని అదే పెట్టుకున్నాడు.

ఆయన దారిలో ఉండగానే, 1885లో, జాన్ కెంప్ స్టార్లీ ఇంగ్లండ్‌లో రోవర్ సైకిల్ తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు సమానం, వెనక చక్రానికి చైన్. ఈరోజు మనం తొక్కేది ఆ ఆకారమే. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరు చేశాడు. అప్పటికి గానీ మామూలు మనిషి దూరం పోయే సైకిల్ తయారు కాలేదు.

బరువు చెప్పిన మాట

1894 జూన్‌లో బోస్టన్ నుంచి ముగ్గురు పిల్లల తల్లి ఒకామె ప్రపంచయాత్రకు బయల్దేరింది. అసలు పేరు ఆనీ కోహెన్ కొప్చోవ్‌స్కీ, లాట్వియా నుంచి వలస వచ్చిన కుటుంబం. లండన్‌డెరీ అనే మంచినీళ్ల కంపెనీ 100 డాలర్లు ఇస్తే ఆ పేరు పెట్టుకుని తిరిగింది. లోకానికి ఆమె ఆనీ లండన్‌డెరీ.

మొదట ఆమెకు దొరికింది 42 పౌండ్ల, అంటే 19 కిలోల ఆడవాళ్ల సైకిల్. ఒంటి మీద పొడుగు గౌను. షికాగో చేరేసరికి మనిషి సగమైంది, చలికాలం ముందుకొచ్చింది. ఇట్లయితే కుదరదని అక్కడే సైకిల్ మార్చింది. స్టెర్లింగ్ అనే మగవాళ్ల సైకిల్, 21 పౌండ్లు, తొమ్మిదిన్నర కిలోలు. సరిగ్గా సగం బరువు. బట్టలు కూడా మార్చింది. చాలా దూరం ఓడల్లోనే పోయింది గానీ, 1895 సెప్టెంబరులో షికాగోకు తిరిగొచ్చి యాత్ర ముగించింది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఆ తేలిక సైకిల్‌కు బ్రేకు లేదు. తేలిక అనేది ఊరికే రాదు, ఏదో ఒకటి తీసేస్తేనే వస్తుంది. షాపువాడు "ఎత్తి చూడు భాయ్, ఎంత తేలికో" అన్నప్పుడు ఏం తీసేశారో మనం అడగాలి.

సామాను చెప్పిన మాట

1897 జూన్ 14న అమెరికా సైన్యంలోని 25వ ఇన్‌ఫాంట్రీకి చెందిన 20 మంది నల్లజాతి సైనికులు మోంటానాలోని మిజూలా నుంచి సెయింట్ లూయిస్‌కు సైకిళ్ల మీద బయల్దేరారు. గుర్రం బదులు సైకిల్ పనికొస్తుందా అని పరీక్ష. లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ వాళ్ల అధికారి. దాదాపు 3,000 కిలోమీటర్లు, 41 రోజులు. బురద, మంచు, ఇసుక, ఎండ అన్నీ తగిలాయి. కొన్నిచోట్ల రోడ్డు వదిలి రైలు పట్టాల స్లీపర్ల మీద కుదుపుల్లో తొక్కారు.

స్పాల్డింగ్ కంపెనీ సైకిళ్లు అవి. అప్పటి షోకు సైకిళ్లకు కర్ర రిమ్ములు వచ్చేవి. సైన్యానికి మాత్రం స్టీలు రిమ్ములు, గట్టి ఫోర్కులు వేయించారు. ఖాళీ సైకిల్ 32 పౌండ్లు. గుడారం, దుప్పటి, తిండి కట్టాక సగటున 59 పౌండ్లు, అంటే 27 కిలోల దాకా. మిగిలిన తిండిని ముందే దారిలోని స్టేషన్లకు పంపించారు. ఆ సైనికులు చేసి చూపించారు గానీ సైన్యం సైకిల్‌ను తీసుకోలేదు. వాళ్లను రైల్లో వెనక్కి పంపింది. పని చేసినవాడికి దక్కే మెప్పు ఎంతో మనకు తెలియనిదా!

మన తమ్ముడికి ఇక్కడొక పాఠం ఉంది. సామాను ఎక్కువగా కూర్చునేది వెనక చక్రం మీద. మనిషి బరువూ ఎక్కువ అటే. అందుకే పాత ఇంగ్లిష్ సైకిళ్లకు ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40 పుల్లలు వేసేవారు. మన ఊళ్లలో పాల క్యాన్లు, వడ్ల బస్తాలు మోసిన నల్ల సైకిల్‌ది కూడా అదే లెక్క. ఇప్పుడు షోరూముల్లో మెరిసే రేసు సైకిల్‌కు వెనక ఇరవై ఇరవై నాలుగు పుల్లలే ఉంటాయి. దాని మీద పదిహేను కిలోల సామాను కడితే పుల్ల తెగేది వెనకనే, అది కూడా ఫ్రీవీల్ వైపు. స్కాఫోల్డింగ్‌లో నిలువు పైపులు తగ్గించి, పైన అదే లోడ్ పెడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మనవాళ్ల సైకిళ్లు

1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు ప్రపంచం చుట్టడానికి సైకిళ్లెక్కారు. ఇరాన్, ఇరాక్, సిరియా ఎడారులు దాటారు. ఈరోజు మనం ఏసీ బస్సులో కూర్చుని కూడా అలిసిపోయే ఎండల్లో. ఆరుగురిలో అది హకీం, జల్ బాపసోలా, రుస్తుం భుమ్‌గరా యాత్ర పూర్తి చేసి, 1928 మార్చిలో బొంబాయిలో దిగారు. నాలుగున్నరేళ్లు, సుమారు 71,000 కిలోమీటర్లు.

నాకు వాళ్లకంటే దగ్గరివాడిగా అనిపించేది రామ్‌నాథ్ బిశ్వాస్. సిల్హెట్ ప్రాంతపు బెంగాలీ. పని కోసం సింగపూర్ పోయిన మనిషి, మనలాగే. 1931 జులై 7న సింగపూర్‌లోని క్వీన్ స్ట్రీట్ నుంచి సైకిల్ మీద బయల్దేరాడు. సాగనంపడానికి అక్కడి మనవాళ్లు వచ్చారు. మలయా, సయాం, చైనా, కొరియా, జపాన్ తిరిగాడు. తర్వాతి యాత్రల్లో అఫ్ఘనిస్థాన్, ఇరాక్, టర్కీ, యూరప్, ఆఫ్రికా కూడా చూశాడు.

ఆయన వెంట ఏముందో వినండి. రెండు చాదర్లు, ఒక జత చెప్పులు. సైకిల్ క్యారియర్ మీద ఒక పెట్టె. ఆ పెట్టెలో రిపేరు సామాను. దుప్పటికంటే పానాలకు ఎక్కువ చోటిచ్చాడు. దూరం పోయేవాడు సైకిల్‌ను ఎట్లా చూడాలో ఆ పెట్టె చెబుతుంది: చెడిపోదని నమ్మడం కాదు, చెడిపోతే నేను బాగుచేసుకోగలనా అని అడగడం.

టైరు మీది అంకె

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా చదవండి. దీని వల్లే చాలామంది దారిలో చిక్కుకుపోతారు.

డన్‌లప్ టైరు వచ్చాక ప్రతి దేశం తన కొలత తాను పెట్టుకుంది. ఫ్రాన్స్‌వాళ్లు టైరు బయటి కొలత 700 మిల్లీమీటర్లు అనుకుని, టైరు లావును బట్టి ఏ, బీ, సీ అని అక్షరాలిచ్చారు. ఇంగ్లండ్‌వాళ్లు అంగుళాలూ భిన్నాలూ వాడారు. ఫ్రాన్స్ 700బీ, ఇంగ్లండ్ 28 x 1½ ఒకటే: రిమ్ము మీద టైరు కూర్చునే చోట 635 మిల్లీమీటర్లు. మన పాత నల్ల సైకిల్ ఇదే. ఫ్రాన్స్ 700సీ మాత్రం 622 మిల్లీమీటర్లు. ఈరోజు హైబ్రిడ్, రోడ్డు సైకిళ్లకు, 29 అంగుళాల సైకిళ్లకు కూడా ఇదే కొలత.

తిరకాసు ఎక్కడంటే, రెండింటి మీదా 28 అనే రాస్తారు. 28 x 1½ అని భిన్నంలో ఉంటే 635. 28 x 1.50 అని పాయింటుతో ఉంటే 622. లెక్క పుస్తకంలో రెండూ ఒకటే, రిమ్ము దగ్గర మాత్రం 13 మిల్లీమీటర్ల తేడా. ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. అందుకే టైరు పక్కన చిన్నగా 40-622, 40-635 లాంటి అంకె ఉంటుంది. మొదటిది లావు, రెండోది రిమ్ము కొలత. మీ సైకిల్‌ది ఆ రెండో అంకె మీ బ్లడ్ గ్రూపులా గుర్తుంచుకోండి.

26 అంగుళాలది ఇంకో కథ. 1933లో అమెరికాలో ష్విన్ కంపెనీ లావు బెలూన్ టైర్ల సైకిల్ తెచ్చింది. 1970లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు ఆ పాత సైకిళ్లను కొండల మీద నుంచి దొర్లించి మౌంటెన్ బైక్ పుట్టించారు. దాంతో ఆ 559 మిల్లీమీటర్ల చక్రం లోకమంతా పాకింది. చిన్న చక్రం గట్టిగా ఉంటుంది, టైరు ప్రతి దేశంలో దొరుకుతుంది అని దూరప్రయాణం వాళ్లు ఎన్నో ఏళ్లు దాన్నే కోరుకున్నారు. ఈ మధ్య కొత్త సైకిళ్లలో తగ్గిపోతోంది గానీ పాతవి ఇంకా చాలా తిరుగుతున్నాయి.

స్టీలు, వెల్డింగ్

ఐటీఐలో వెల్డింగ్ షాపులో చెమటోడ్చినవాణ్ణి కాబట్టి ఈ భాగం నాకు ఇష్టం.

1913 టూర్ డి ఫ్రాన్స్ రేసులో యూజీన్ క్రిస్టోఫ్ అనే ఆయన టూర్మలే కొండ దిగుతుండగా ఫోర్కు విరిగింది. రూలు ప్రకారం ఎవరి సాయమూ తీసుకోకూడదు. సైకిల్ మోసుకుని కొండ దిగి, సెయింట్ మారీ డి కంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర తన ఫోర్కు తానే అతికించుకున్నాడు. తిత్తి ఊదడానికి ఒక పిల్లవాడు చేయి వేశాడని ఆయనకు జరిమానా టైమ్ వేశారు! రేసు ఓడిపోయాడు, కానీ సైకిల్ మీదనే కదిలాడు. అది ఇనుము కాబట్టి.

జర్మనీకి చెందిన హైంజ్ స్టూకె 1962లో ఇల్లు వదిలి, సైకిల్ మీద దాదాపు యాభై ఏళ్లు తిరిగాడు. మూడు గేర్ల, 25 కిలోల స్టీలు సైకిల్. ఫ్రేము 16 సార్లు విరిగింది, 16 సార్లు వెల్డింగ్ అయింది. విరగని సైకిల్ కాదు ఆయనది. విరిగిన ప్రతిచోటా బాగయిన సైకిల్.

అల్యూమినియం చెడ్డదని కాదు. తేలిక, తుప్పు పట్టదు. కానీ విరిగితే దానికి టిగ్ మిషన్, చెయ్యి తిరిగిన వెల్డరు కావాలి. అతికించినా, వేడి తగిలిన చోట ఫ్యాక్టరీలో ఇచ్చిన బలం పోతుంది. కార్బన్ సంగతి అసలే వద్దు. స్టీలయితే గేటు, నాగలి అతికే మిస్త్రీ కూడా అతుకుతాడు. ఒక్క జాగ్రత్త: మంచి స్టీలు ఫ్రేములో పైపు మధ్యలో ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఆర్క్ వెల్డింగ్‌లో కరెంట్ ఎక్కువ పెడితే చిల్లు పడుతుంది. గ్యాస్ మీద ఇత్తడి రాడ్‌తో అతికించమని అడగాలి.

గేర్ల గొడవ

1963 జనవరిలో ఐర్లండ్‌కు చెందిన డెర్వ్‌లా మర్ఫీ ఒంటరిగా సైకిల్ మీద ఇండియాకు బయల్దేరింది. ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ మగవాళ్ల సైకిల్, పదహారు కిలోల పైమాటే. ముద్దుగా రోజ్ అని పిలుచుకుంది. బయల్దేరే ముందు దానికున్న మూడు గేర్ల డిరైలర్‌ను విప్పించేసింది, ఆసియా రోడ్ల మీద అది తట్టుకోదని. విడి టైర్లు దారిలోని ఊళ్లకు ముందే పార్సిల్ చేసింది. జులైలో ఢిల్లీ చేరింది.

మరి గేర్లు వద్దా? ఫ్రాన్స్‌లో సెయింట్ ఎతియెన్‌కు చెందిన పాల్ ద వివీ ఆ పాటికి అరవై ఏళ్ల ముందే గేర్ల కోసం పత్రికలో పోట్లాడాడు. ఆయన కలం పేరు వెలోసియో. టూర్ డి ఫ్రాన్స్ 1937 దాకా డిరైలర్‌ను రానివ్వలేదు. దూరప్రయాణం వాళ్లు మాత్రం అప్పటికే దశాబ్దాలుగా వాడుతున్నారు. రేసువాడికి పౌరుషం ముఖ్యం. సామాను కట్టుకుని కొండెక్కేవాడికి మోకాలు ముఖ్యం.

మర్ఫీ తప్పు చేయలేదు, వెలోసియో కూడా తప్పు చెప్పలేదు. ఎవరి రోడ్డు వాళ్లది. మన తమ్ముడి దారిలో నాసిక్‌కు ముందు కసారా ఘాట్ ఉంది. ఒక్క గేరుతో, పదిహేను కిలోల సామానుతో, నలభై ఏళ్ల మోకాళ్లతో దాన్ని తొక్కడం కష్టం. తోసుకుంటూ పోవాలి, లేదంటే చిన్న గేరు ఉండాలి.

ఎంచుకునే వీలు లేనివాళ్లు

ఆ దారి గురించి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2020 మేలో లాక్‌డౌన్ అప్పుడు ముంబై నుంచి నాసిక్ పోయే రోడ్డు మీద, ఆ కసారా ఘాట్‌లోనే, వేలమంది కూలీలు ఇళ్లకు నడిచారు. కొందరు ఉన్న కాస్త డబ్బు పెట్టి పాత సైకిళ్లు కొన్నారు. దేశంలో ఇంకోవైపు, గాయపడిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని ఒక అమ్మాయి గురుగ్రామ్ నుంచి దర్భంగాకు దాదాపు 1,200 కిలోమీటర్లు పాత సైకిల్ తొక్కింది.

వాళ్లెవరూ ఫ్రేము చూడలేదు, గేరు లెక్క వేయలేదు. దొరికింది ఎక్కారు. అదే ఏడాది జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం రోజే, అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. 1951 నుంచి కూలీ మనిషి సైకిల్ చేసిన కంపెనీ అది. మనం తీరిగ్గా కూర్చుని ఏ సైకిల్ అని అడగగలుగుతున్నామంటే అది మామూలు అదృష్టం కాదు.

తమ్ముడికి జవాబు

తమ్ముడూ, ఆ రెండు నెలల జీతం బిడ్డ ఫీజుకే ఉంచు.

సైకిల్ ఇక్కడ కొనకు. విమానంలో పెట్టెకు వేరే చార్జీ, దింపేటప్పుడు ఏం వంగుతుందో తెలియదు. ముంబైలో కొను. కొత్తదే కావాలని లేదు. స్టీలు ఫ్రేము ఉన్న పాత మౌంటెన్ బైక్, ముందు ఫోర్కులో స్ప్రింగు లేనిది, వెనక 36 పుల్లలు, 26 అంగుళాల చక్రం. దాని కొలత 559 అని టైరు మీద చూసుకో. అది దొరక్కపోతే 622 చక్రం, స్టీలు ఫ్రేము ఉన్న హైబ్రిడ్. వెనక క్యారియర్ బోల్టు వేయడానికి ఫ్రేముకే రంధ్రాలు ఉండాలి. ఘాట్ కోసం ఒక చిన్న గేరు ఉండాలి.

సైజు మరిచిపోకు. కాళ్లు రెండూ నేల మీద పెట్టి నిలబడితే పై బారుకు, నీకు మధ్య రెండు వేళ్లైనా సందు ఉండాలి. నేను ఒకసారి రంగు చూసి నాకంటే పెద్ద ఫ్రేము కొని, నెల రోజులు నడుం పట్టుకుని తిరిగాను.

కొన్నాక ఏదైనా పాత షాపులో ఓవరాయిలింగ్ చేయించు. పక్కనే కూర్చుని చూడు. పంక్చర్ వేయడం, చైన్ లింకు తీయడం, పుల్ల మార్చడం ఆ ఒక్కరోజులో నేర్చుకోవచ్చు. రెండు ట్యూబులు, ఆరు పుల్లలు, పానాలు, పంపు ఒక సంచిలో వేసుకో. బిశ్వాస్ పెట్టె గుర్తుంచుకో.

తర్వాత సామానంతా కట్టి ఒకరోజు యాభై కిలోమీటర్లు పోయి రా. అనవసరమైనవి ఏవో ఆ సాయంత్రమే తెలుస్తాయి. వాటిని ఇంటికి పార్సిల్ చెయ్యి. ఎండ ముదరకముందే, డిసెంబరు జనవరిలో బయల్దేరు. చీకటి పడ్డాక తొక్కకు. రోజూ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఏ ఊళ్లో ఉన్నావో చెప్పు.

దారిలో ఏదో ఒకటి చెడిపోతుంది. చెడిపోనీ. నాందేడ్ అవతల ఏ చిన్న ఊళ్లోనో, వేపచెట్టు కింద టైర్లు వేలాడదీసుకున్న మనిషి నీ సైకిల్‌ను ఒకసారి చూసి, "ఇదేముంది, కూర్చో" అని స్టూలు జరపాలి. అట్లా అనిపించుకునే సైకిలే నీకు సరైన సైకిల్.